ఆ రిజెక్షన్ లెటర్ పారేయకు

అమ్మాయీ,

నీ మెయిల్ మొన్న రాత్రే చూశాను. వెంటనే జవాబు రాయలేదు, ఎందుకంటే నువ్వు పంపిన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని ఇంకోసారి చదవాలనిపించింది. ఒకటి, ఆంధ్ర గ్రంథాలయోద్యమం మీద నువ్వు రాసిన పేపరుకి ఎనిమిది నెలలు ఎదురుచూశాక జర్నల్ నుంచి వచ్చిన తిరస్కరణ, దాని కింద ఇద్దరు రివ్యూయర్లు, అంటే పేపరుని చదివి తూచే నిపుణులు, రాసిన మూడు పేజీలు. రెండోది నువ్వు అడక్కుండానే వచ్చిపడిన మెయిల్. నీకింకా డాక్టరేట్ రాకముందే "గౌరవనీయులైన డాక్టర్ గారికి" అని మొదలుపెట్టి, వారంలో అచ్చువేస్తాం, మూడు వేల ఐదు వందలు కట్టండి, సర్టిఫికెట్ కూడా పంపుతాం అన్నారు. చివర నువ్వు ఒక్క మాట అడిగావు. "మేడం, సబ్మిషన్ దగ్గరపడుతోంది, ఇంట్లో అందరికీ టెన్షన్, ఆ రెండోదానికి పంపేయనా?"

వద్దు. ఆ ఒక్క మాటకే అయితే ఫోన్ చేసి చెప్పేదాన్ని. కానీ ఎందుకు వద్దో, ఆ మొదటి కాగితంతో ఏం చేయాలో చెప్పాలంటే కాస్త పొడుగ్గా రాయాలి. పైగా నీ పేపర్ రెండుసార్లు చదివాక నాకొకటి కనపడింది, అది నీకింతవరకు ఎవరూ చెప్పినట్టు లేదు. అక్కడికి వస్తాను.

ముందు ఆ టెన్షన్ సంగతి. థీసిస్ ఇవ్వడానికి ముందే రిఫరీడ్ జర్నల్లో, అంటే నిపుణులు చదివి ఒప్పుకున్నాకే అచ్చువేసే పత్రికలో, ఒక పేపరు అచ్చయి ఉండాలి, రెండు సెమినార్లలో పేపర్లు చదివి ఉండాలి అన్న నిబంధన 2016 నాటి యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) రెగ్యులేషన్లలో ఉండేది. 2022 నవంబరులో వచ్చిన కొత్త రెగ్యులేషన్లలో ఆ తప్పనిసరిని తీసేశారు. అయినా కొన్ని యూనివర్సిటీలు తమ సొంత రూల్ పెట్టుకుని ఉండొచ్చు, అందుకని హాస్టల్లో ఎవరో అన్నారని కంగారుపడకుండా రీసెర్చ్ సెక్షన్‌కి వెళ్లి, నీ రిజిస్ట్రేషన్ తేదీకి ఏ రూల్ వర్తిస్తుందో కాగితం మీద అడిగి తీసుకో. నా దగ్గర చేసిన పిల్లల్లో కనీసం ఇద్దరు, అసలు తమకు వర్తించని రూల్‌కి భయపడి డబ్బు కట్టి పేపర్లు వేయించుకున్నారు. తరవాత ఇంటర్వ్యూలో బోర్డు మెంబరు ఆ జర్నల్ పేరు చదివి తలెత్తి చూసిన చూపు వాళ్లింకా మర్చిపోలేదు.

ఉద్యోగం దగ్గర పాయింట్లు ఉంటాయి, నిజమే. యూజీసీ 2018 నియామక నిబంధనల పట్టికలో మన హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్ వాళ్లకి పేపరుకి 10, సైన్సు వాళ్లకి 8. ఆ పది పాయింట్లే డబ్బుకి పేపర్లు వేసే ఈ వ్యాపారమంతటినీ పెంచి పోషించిందని నా అభిప్రాయం. లెక్క పెట్టగలిగినదాన్ని ఎవరైనా అమ్మగలరు కదా.

ఇలాంటి జర్నళ్లకి ప్రిడేటరీ, అంటే వేటాడేవి, అనే పేరు అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ లైబ్రేరియన్ జెఫ్రీ బీల్ పెట్టాడు, వాటి జాబితా కూడా తయారుచేశాడు, 2017 జనవరిలో ఆ జాబితా నెట్ మీంచి తీసేశాడు. ఇది ఎక్కడో జరిగే వ్యవహారం అనుకోకు. మన హైదరాబాద్ నుంచి నడిచిన ఒక ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది, రివ్యూ సరిగ్గా జరగకుండానే జరిగిందని చెప్పడం, ఫీజు సంగతి ముందు చెప్పకపోవడం లాంటి ఆరోపణలతో. 2019లో కోర్టు ఐదు కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. మనవాళ్లు ఇంత పరిశోధన చేసే ఊరి పేరు ఆ తీర్పులో చదవడం నాకు చాలా బాధనిపించింది.

ఇక్కడ యూజీసీ 2018లో మంచి జర్నళ్లకి కేర్ జాబితా అని ప్రకటించింది, కొన్నేళ్లు అందరం దాన్నే పట్టుకుని వేళ్లాడాం. 2025 ఫిబ్రవరిలో దాన్ని ఎత్తేసి, కొన్ని ప్రమాణాలు సూచించి, ఏ జర్నల్ మంచిదో యూనివర్సిటీలే చూసుకోమన్నారు. అంటే ఇప్పుడు చూసుకోవాల్సింది నువ్వే. నిజానికి ఎప్పుడూ నువ్వే చూసుకోవాల్సింది. జాబితాలో ఉన్న మంచి పత్రిక పేరుతోనే, అదే ఐఎస్‌ఎస్‌ఎన్ నంబరుతో దొంగ వెబ్‌సైట్ పెట్టి డబ్బు వసూలు చేసినవాళ్లు ఉన్నారు. ఐఎస్‌ఎస్‌ఎన్ ఉంది కదా మేడం అన్నావు. అది ఎనిమిది అక్షరాల గుర్తింపు నంబరు, అంతే. బండికి నంబర్ ప్లేట్ ఉన్నంత మాత్రాన నడిపేవాడికి డ్రైవింగ్ వచ్చని కాదుగా.

ఎలా చూసుకోవాలంటే, నేను చేసేది చాలా మామూలు పని. ఆ జర్నల్లో వచ్చిన మూడు పేపర్లు మొదటినుంచి చివరిదాకా చదువుతాను. గ్రంథాలయోద్యమం మీద పేపరు పక్కన చేపల చెరువుల మీద ఒకటి, బ్యాంకింగ్ మీద ఒకటి, యోగా మీద ఒకటి ఉంటే ఆ పత్రికను చదివేవాళ్లు లేరన్నమాట, రాసి డబ్బు కట్టేవాళ్లే ఉన్నారు. సంపాదకవర్గంలో పేరున్న ఒక మనిషిని ఎంచుకుని, మీరు నిజంగా ఈ పత్రికలో ఉన్నారా అని రెండు లైన్ల మెయిల్ రాస్తాను. అన్నిటికంటే సులువైనది ఇంకోటుంది. నీ ఫుట్‌నోట్లలో నువ్వు గౌరవంతో ప్రస్తావించిన పేపర్లు ఎక్కడ అచ్చయ్యాయి? నీ పేపరు వెళ్లాల్సింది కూడా అక్కడికే, నీతో మాట్లాడేవాళ్లు ఉన్న చోటికి.

డబ్బు తీసుకునే ప్రతి జర్నలూ మోసమే అని కూడా అనుకోవద్దు. ఓపెన్ యాక్సెస్ అంటే చదివేవాళ్ల దగ్గర డబ్బు తీసుకోకపోవడం, ఆ ఖర్చు కొన్నిచోట్ల రాసినవాళ్ల మీద పడుతుంది, కొన్నిచోట్ల గ్రంథాలయాలన్నీ కలిసి భరిస్తాయి. ఓపెన్ లైబ్రరీ ఆఫ్ హ్యుమానిటీస్ అలాంటిదే, రచయిత పైసా కట్టక్కర్లేదు. పెద్ద పబ్లిషర్ల జర్నళ్లు చాలావాటిలో పేపరు అంగీకరించాక ఒక పేజీ వస్తుంది, ఓపెన్‌గా పెట్టాలా అని అడుగుతుంది, దాని పక్కన లక్షల్లో ఫీజు కనపడుతుంది, పిల్లలు అది చూసి హడలిపోయి పేపర్ వెనక్కి తీసుకున్న సందర్భాలు నాకు తెలుసు. ఆ పేజీలో ఫీజు లేని దారి కూడా ఉంటుంది, అది ఎంచుకుంటే చాలు. మన సబ్జెక్టులో మంచి పత్రికలు చాలామటుకు రచయిత దగ్గర ఏమీ తీసుకోవు.

సరే, అసలు ఎందుకు వద్దన్నానో. మూడు వేల ఐదు వందలు పోవడం చిన్న సంగతి. ఒకసారి అచ్చయిన పేపరుని మరో మంచి జర్నల్ తీసుకోదు. నీ పేపర్లోని ఊరి లైబ్రరీ బీరువాలోంచి, ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో రాసిన ఇష్యూ రిజిస్టర్లు, చెదలు తినగా మిగిలినవి, బయటికి తీసి, 1938 నుంచి 1946 దాకా ఒక్కొక్క పేజీ ఫోటో తీసి, ఒక్కొక్క ఎంట్రీ ఎక్సెల్‌లో ఎక్కించింది నువ్వు. ఇంకెవరి దగ్గరా లేవవి. వాటిని ఎవరూ చదవని చోట అచ్చు వేయిస్తే మళ్లీ బీరువాలో పెట్టి తాళం వేసినట్టే.

ఇక మొదటి కాగితం. ఇద్దరు రివ్యూయర్లలో మొదటాయన చాలా మంచి మనిషిలా ఉన్నాడు. రెండు పేరాలు, ఆసక్తికరమైన పేపరు, భాష కొంచెం సరిచూసుకుంటే వేసుకోవచ్చు అన్నాడు. రెండో మనిషి రెండున్నర పేజీలు రాశారు, ఆయనో ఆవిడో తెలీదు, నీకు చాలా కోపం వచ్చిందని రాశావు, "అవమానం" అన్న మాట వాడావు. నేను రెండో ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. అమ్మాయీ, నిన్ను నిజంగా చదివింది ఆ మనిషే. ఈ పనికి ఎవరూ డబ్బివ్వరు. పేరు కూడా రాదు. తన పనులు పక్కనపెట్టి, ముక్కూమొహం తెలియని ఒక పిల్ల పేపరు మీద రెండున్నర పేజీలు రాయాలంటే, ఆ పేపర్లో తనకి ఏదో విలువైనది కనిపించి ఉండాలి. పనికిరాని పేపరుకి మూడు లైన్లు రాసి పంపేస్తారు, నేనూ ఆ పని చేశాను.

నా మొదటి పేపరు సంగతి నీకెప్పుడూ చెప్పలేదనుకుంటా. కోస్తా జిల్లాల్లో మగ్గాల మీద వేసిన మొహతర్ఫా పన్ను గురించి రాశాను. కంపెనీ కాలం కలెక్టర్ల ఉత్తరాలు హైదరాబాద్ తార్నాక ఆర్కైవ్స్‌లో, చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో కూర్చుని రెండేళ్లు రాసుకున్నాను, అప్పట్లో ఫోన్ కెమెరాలు ఎక్కడివి, పెన్సిల్‌తోనే. టైపు చేయించి పోస్టులో పంపితే పదకొండు నెలలకు తిరిగొచ్చింది. రివ్యూయర్ అడిగింది ఇది: ఈ రచయిత్రి నేతగాళ్ల గురించి రాస్తున్నానంటోంది, కానీ పేపరు మొత్తంలో మాట్లాడేది కలెక్టరే, అదే ఫైళ్లలో నేతగాళ్లు పెట్టుకున్న అర్జీలు ఉండి ఉండాలి, అవి చూసిందా? నేను చూశాను. చూసి, రెండు పేజీలు తిరగేసి, అనువాదం బాగాలేదని వదిలేశాను. ఆ ఉత్తరం చదివి వారం రోజులు అన్నం సయించలేదు. తరవాత మళ్లీ రైలెక్కి ఎగ్మూరు వెళ్లాను. ఆ అర్జీల్లో ఉన్నది వేరే లోకం. పన్ను ఎక్కువైందని కలెక్టర్ రాసిన చోట, పన్ను వసూలుకి వచ్చే మనిషి మగ్గం మీది బట్టని కోసి పట్టుకుపోతున్నాడని వాళ్లు రాశారు. నేను ఆ తరవాత ముప్పై ఏళ్లు చేసిన పనంతా ఆ ప్రశ్నలోంచి వచ్చింది. అడిగింది ఎవరో నాకు ఇప్పటికీ తెలీదు, తెలిస్తే వెళ్లి దణ్ణం పెట్టేదాన్ని.

అన్ని రివ్యూలూ ఇలా ఉండవు. ఒక పత్రిక నా పేపరు పద్నాలుగు నెలలు ఉంచుకుని, మూడు మెయిళ్లకి జవాబివ్వలేదు. అప్పుడు మర్యాదగా, ఉపసంహరించుకుంటున్నాను అని రాసి, వాళ్లు అందిందన్నాకే ఇంకోచోటికి పంపాను. అది మర్చిపోకు, ఒకే పేపరు ఒకేసారి రెండు చోట్ల ఉండకూడదు, ఎంత ఆలస్యమైనా సరే. నాలుగు నెలలు దాటితే ఎడిటర్‌ని అడగడం తప్పేమీ కాదు. ఇంకో రివ్యూయర్ తన సొంత పుస్తకాలు నాలుగు ప్రస్తావించమన్నాడు, రెండు పనికొచ్చాయి, రెండు రాలేదు, రానివాటిని పెట్టలేదు, ఎందుకు పెట్టలేదో ఎడిటర్‌కి రాశాను, ఆయన ఒప్పుకున్నాడు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. మూడు రోజులు ఆ మూడు పేజీలు తెరవకు. తరవాత ప్రింట్ తీసుకుని, ప్రతి వాక్యాన్నీ విడదీసి, ఎడంవైపు వాళ్ల మాట, కుడివైపు నీ జవాబు రాసుకో. రాస్తుంటే నీకే తెలుస్తుంది, కొన్ని మాటలు సరైనవి, వాటికి తలవంచి మార్చాలి. కొన్నిచోట్ల ఆ మనిషి నిన్ను అపార్థం చేసుకుని ఉంటారు, కానీ అంత జాగ్రత్తగా చదివేవాళ్లే అపార్థం చేసుకున్నారంటే వాక్యం నువ్వు సరిగ్గా రాయలేదని, అది కూడా మార్చాలి. నిజంగా పొరపాటుపడ్డవి ఒకటో రెండో మిగులుతాయి, వాటికి ఆధారం చూపించి కాదని చెప్పు, గొంతు పెంచకుండా. ఇది తిరస్కరణే కదా, ఎవరికి చూపించాలి ఈ జవాబులు అంటావేమో. నీకే. రేపు పేపర్ని ఇంకో జర్నల్‌కి పంపితే అదే మనిషి దగ్గరికి వెళ్లే అవకాశం చాలా ఉంది, మన విషయం మీద పనిచేసేవాళ్లు ఎంతమందని?

ఇక ఆ రెండో రివ్యూయర్ వేసిన దెబ్బల్లో పెద్దది: "వర్ణన ఉంది, వాదన లేదు." నీ పేపరు పద్నాలుగు వేల మాటలు. మొదటి పది పేజీల్లో 1914లో బెజవాడలో జరిగిన గ్రంథాలయ మహాసభ, ఆ ఉద్యమాన్ని నడిపిన అయ్యంకి వెంకట రమణయ్య గారు, గ్రంథాలయ సర్వస్వం పత్రిక, 1918లో వేటపాలెంలో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం, 1935లో కృష్ణా కాలువల మీద పడవలో ఊరూరికీ పుస్తకాలు తిప్పిన పాతూరి నాగభూషణం గారు, అన్నీ ఉన్నాయి. అన్నీ నిజాలే, అన్నీ గొప్ప సంగతులే, నాకూ ఆ పడవ కథ అంటే ప్రాణం. కానీ అవి ఈ విషయం చదివేవాళ్లందరికీ తెలుసు. నీ రిజిస్టరు పదకొండో పేజీలో వస్తుంది. థీసిస్‌లో అది సరైన పద్ధతే, అక్కడ నీకు అంతా తెలుసని పరీక్షకుడికి చూపించాలి. జర్నల్ పేపరు చదివేవాళ్లు పరీక్షకులు కారు, వాళ్లు ఒక్క కొత్త సంగతి కోసం వస్తారు, అది రెండో పేజీలోపల దొరక్కపోతే వెళ్లిపోతారు.

సురవరం ప్రతాపరెడ్డి గారు 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర అచ్చువేసినప్పుడు, ఆయన చూసిన కావ్యాలు అంతకుముందు పండితులందరూ చూసినవే. రాజుల సంగతి పక్కనపెట్టి ఆ కాలంలో జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని అడిగారు. ప్రశ్న మారేసరికి పాత పద్యాలే కొత్త ఆధారాలయ్యాయి. నీ దగ్గర కొత్త ఆధారమే ఉంది, ప్రశ్న మాత్రం పాతది అడుగుతున్నావు.

నాకు కనపడింది ఇదీ. నీ నలభై ఏడో ఫుట్‌నోట్ తీసి చూడు. అందులో నువ్వు మూడు లైన్లలో రాశావు, ఆ ఊళ్లో తొంభై దాటిన ఒకావిడని కలిశానని, చిన్నప్పుడు తమ అన్నయ్య లైబ్రరీ నుంచి వారానికి నాలుగు నవలలు తెచ్చేవాడని, అన్నయ్య ఒక్కటి కూడా చదివేవాడు కాదని, వంటింట్లో అమ్మ, పిన్ని, మేనత్త కూర్చుంటే ఒకరు పైకి చదివితే మిగతావాళ్లు పప్పులు ఏరుతూ వినేవాళ్లని, తను చదవడం నేర్చుకుంది అక్కడేనని. తరవాత నీ పేపర్లో నాలుగో పట్టిక చూడు: సభ్యుల్లో మగవాళ్లు తొంభై శాతం పైన, కాబట్టి గ్రంథాలయం మగవాళ్లదే అని నువ్వే తేల్చేశావు. రెండో రివ్యూయర్ దీన్నే పట్టుకుని "పుస్తకం తీసుకున్నవాడే చదివాడని రచయిత్రి ఎలా అనుకుంది?" అని అడిగారు. నీకు అవమానంగా తోచిన ప్రశ్న అదే. దానికి జవాబు నీ దగ్గరుంది, చిన్న అక్షరాల్లో, పేజీ అడుగున.

అది పైకి తీసుకురా. రిజిస్టర్లో ఉన్న పేరు పుస్తకం మోసుకొచ్చినవాడిది, చదివినవాళ్లు ఆ ఇంటి లోపల ఉన్నారు, మనం సభ్యుల్ని లెక్కపెట్టి ఉద్యమ చరిత్ర రాసినంతకాలం వాళ్లు మనకి కనపడరు. ఇదీ నీ పేపరు. దీనికి ఒక్క ఇంటర్వ్యూ చాలదు, అది నువ్వూ ఒప్పుకోవాలి. ఇష్యూ రిజిస్టర్లో పుస్తకాల పేర్లు ఉన్నాయి కదా, ఏ ఇళ్లకి నవలలు, స్త్రీల పత్రికలు వారం తప్పకుండా వెళ్లాయో విడిగా తీయి, ఆ ఇళ్లల్లో ఇంకా బతికున్న పెద్దవాళ్లని వెతుకు, పుస్తకాల మార్జిన్లలో రాతలు ఉన్నాయేమో చూడు. ఇంకోటి, ఆ రెండో రివ్యూయర్ కులం సంగతి కూడా అడిగారు, దాన్ని నువ్వు దాటేశావు. ఆ లైబ్రరీ అరుగు ఎక్కనివ్వని వాళ్లెవరు, వాళ్ల పేటకి పుస్తకం వెళ్లిందా లేదా అన్నది నీ పట్టికల్లో కనపడకపోవచ్చు, కనపడకపోవడం గురించే రెండు పేజీలు నిజాయితీగా రాయాలి. ఒక ఊరి రిజిస్టరు పెట్టుకుని మొత్తం ఆంధ్ర దేశం గురించి మాట్లాడకు, ఈ ఊళ్లో ఇలా జరిగింది, మిగతా ఊళ్ల రిజిస్టర్లు దొరికితే ఇది వెతకొచ్చు అను. బలమైన మాట అదే.

ఆవిడ దగ్గర అనుమతి తీసుకున్నావా? నీ నోట్సులో ఎక్కడా లేదు. తన పేరు వేయొచ్చో లేదో, రికార్డింగ్ ఎక్కడ దాస్తావో, ఆవిడకి అర్థమయ్యేలా చెప్పి అడగాలి, అదీ రాసి పెట్టుకోవాలి. చాలా జర్నళ్లు ఇప్పుడు అడుగుతున్నాయి, అడక్కపోయినా చేయాల్సిందే.

ఎక్కడికి పంపాలంటే, ఇలా మారిస్తే పేపరు వెళ్లే చోటు కూడా మారుతుంది. ఢిల్లీలోని సెంటర్ ఫర్ విమెన్స్ డెవలప్‌మెంట్ స్టడీస్ వాళ్ల ఇండియన్ జర్నల్ ఆఫ్ జెండర్ స్టడీస్ చూడు, 1994 నుంచి వస్తోంది. 1963 నుంచి నడుస్తున్న ఇండియన్ ఎకనమిక్ అండ్ సోషల్ హిస్టరీ రివ్యూ అయితే ఆర్కైవ్ బలంగా ఉండాలి, నీ రిజిస్టరు లెక్కలు అక్కడ నిలబడతాయి. ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ (ఈపీడబ్ల్యూ)లో స్పెషల్ ఆర్టికల్ అంటే ఎనిమిది వేల మాటలు దాటకూడదు. నువ్వు పద్నాలుగు వేలు పట్టుకుని ఎక్కడికీ వెళ్లలేవు, ముందు సగం కోయాలి. గత మూడేళ్ల సంచికలు తిరగేసి, వాళ్లలో ఎవరితో నీ పేపరు మాట్లాడుతుందో తేల్చుకున్నాకే ఒకటి ఎంచుకో. జర్నళ్లు దొరకడం లేదని ఊరుకోకు, 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద ప్రభుత్వ యూనివర్సిటీలకి వేల జర్నళ్లు తెరిచారు, మీ లైబ్రేరియన్‌ని అడిగితే లాగిన్ ఇస్తారు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్, అంటే జర్నల్ పేపర్లని మిగతావాళ్లు సగటున ఎన్నిసార్లు ప్రస్తావించారో చెప్పే అంకె, చూసి మాత్రం ఎంచుకోవద్దు, చరిత్రలో ఒక మంచి పేపరుని పదేళ్ల తరవాత ఎవరో తమ పుస్తకంలో ప్రస్తావిస్తారు, రెండేళ్ల లెక్కలు కట్టే అంకెకి అది ఎలా అందుతుంది?

చిన్న చిన్నవి కొన్ని త్వరగా చెప్పేస్తాను. రాసిందెవరో రివ్యూయర్‌కి తెలియకూడదు కాబట్టి ఫైల్లో నీ పేరు ఎక్కడా ఉండకూడదు, "నా థీసిస్‌లో చెప్పినట్టు" అన్నావంటే ముసుగు పోయినట్టే. జర్నల్ ఏ ఫుట్‌నోట్ పద్ధతి అడిగితే అదే పాటించు, రెండు రోజులు విసుగొస్తుంది, పరవాలేదు. కాపీ కొట్టడం మీద యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఇతరుల రాతలతో పది శాతం దాకా పోలిక ఉంటే తప్పు కింద లెక్కించరు, కానీ సాఫ్ట్‌వేర్‌కి దొరక్కుండా వాక్యాలు అటూఇటూ తిప్పడం దొంగతనమే, పట్టుబడకపోయినా. ఏఐతో ఇంగ్లీషు దిద్దించుకుంటే ఆ సంగతి చెప్పు, రిఫరెన్సులు మాత్రం దాన్ని అడగొద్దు, లేని పుస్తకాలని పుట్టించి ఇస్తుంది, నీ ఫుట్‌నోట్లో ప్రతి పుస్తకం నీ చేతిలో పట్టుకున్నదై ఉండాలి. మీ గైడ్ గారు తన పేరు కూడా వేయమన్నారని రాశావు. మన చరిత్ర రంగంలో పేపరు రాసినవాళ్ల పేరే ఉంటుంది, ఆయన నిజంగా కూర్చుని కొంత రాస్తే వేయాలి, లేదంటే కృతజ్ఞతల్లో మనస్ఫూర్తిగా రాయి. ఈ మాట చెప్పడం నీకెంత కష్టమో నాకు తెలుసు, నా రోజుల్లో నేను చెప్పలేకపోయాను, ఒక పేపరు మీద నాది కాని పేరు ఇప్పటికీ ముందుంది. నీకు కావాలంటే నేను ఆయనతో మాట్లాడతాను.

ఇంగ్లీషు గురించి భయపడుతున్నావు. ముందు ఆ వాదన అంతా తెలుగులో రాయి, నాలుగు పేజీలు, మీ అమ్మకి అర్థమయ్యేలా. తెలుగులో చెప్పలేకపోయిన ప్రతి వాక్యం దగ్గర ఆగు, అక్కడ నీకే ఇంకా స్పష్టంగా లేదన్నమాట. "డిస్కోర్స్" అని నీ పేపర్లో ఇరవై రెండుసార్లు ఉంది, వాటిలో ఎన్నిచోట్ల దాన్ని తెలుగులోకి మార్చగలవో చూడు, మార్చలేని చోట కొట్టేయి. ఇంగ్లీషు దానంతట అదే సరళంగా వస్తుంది.

ఆ నాలుగు తెలుగు పేజీలు డ్రాఫ్ట్ అని పారేయకు కూడా. 1924 నుంచి 1991 దాకా నడిచిన భారతి పత్రికలో ఒకరు శాసనం మీద వ్యాసం రాస్తే, ఇంకొకరు కాదని తరవాతి సంచికలో రాసేవాళ్లు, ఊళ్లో బడిపంతులు కూడా అది చదివి ఉత్తరం రాసేవాడు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలతో తెచ్చినప్పుడు, రైతుల దగ్గర సేకరించిన మాటలు తెలుగులోనే అచ్చయ్యాయి, ఆయన ఇంగ్లీషులో ప్రపంచమంతా చదివే పుస్తకాలు కూడా రాశారు. రెండూ చేయొచ్చు. మన తరం ఇంగ్లీషులో పేపరు వేసి తెలుగు వైపు తిరిగి చూడటం మానేసింది, మనం ఎవరి గురించి రాశామో వాళ్లకి మనం ఏం రాశామో తెలియదు. ఇది నన్ను చాలాకాలంగా కలచివేస్తున్న సంగతి, నేతగాళ్ల గురించి నేను రాసినదాంట్లో మూడొంతులు ఏ నేతగాడూ చదవలేదు.

దసరా సెలవులకి ఊరెళ్తానన్నావుగా. ఈలోపల ఆ నాలుగు పేజీలు పూర్తిచేసి తీసుకెళ్లు. ఆవిడ కళ్లు సరిగ్గా కనపడవన్నావు, కాబట్టి నువ్వే పైకి చదివి వినిపించు, ఆ వంటింట్లో వాళ్లు చదివినట్టే. ఎక్కడ ఆవిడ "అలా కాదమ్మాయ్" అంటుందో అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో. అనుమతి కాగితం కూడా అప్పుడే అడుగు. తిరిగొచ్చాక ఆ గుర్తులు పెట్టిన కాపీ నాకు పంపు, శుభ్రంగా టైపు చేసింది కాదు, అదే.

ఆశీస్సులతో,
మీ మేడం